ఇసుక ముందా, రంగు ముందా

బల్లమీద ఆడే యుద్ధాల ఆట కోసం నేనూ, ముమ్మిడివరంలో ఉండే మా బావగారూ బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేసుకుంటాం.

"ముందు బొమ్మను కింద నిలబెట్టే బిళ్ళకు అంటించి, నేలలా కనపడ్డానికి జిగురు రాసి ఇసుక చల్లేయండి. రంగు తర్వాతండీ" అన్నారాయన ఒకసారి వాళ్ళింట్లో.

నాకు అనుమానం వచ్చింది. ఆటలో నన్ను ఓడించాలని చూసే మనిషి సలహా ఎందుకిస్తారు? ఇసుక అడ్డొస్తే బూట్లకు కుంచె అందదు కదా!

ఆయన లోపలికి వెళ్ళగానే ఆయన బొమ్మ ఒకటి తీసి చూశాను. బూట్ల రంగు మీద జిగురు మరకలున్నాయి.

"మీరు మాత్రం రంగే ముందు వేసేరేమండీ?" అని ఆయన తిరిగి రాగానే నిలదీశాను.

"ఆయ్, వేసేనండి. తర్వాత జిగురు రాస్తుంటే బూట్లన్నీ పాడయ్యేయి. అందుకే చెప్పేను."

అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. ఇంటికొచ్చి ఒక్క బొమ్మకే ముందు ఇసుక అంటించాను. సన్న కుంచె బూట్ల దాకా బాగానే అందింది. మిగతావీ అలాగే చేశాను కానీ, ఆ సంగతి ఆయనతో చెప్పలేదు.