పెండ్లి పూల మధ్య రబ్బరన్న చావు

ఆ రోజుల్లో నాకు భయం లేని వస్తువంటూ లేదు. బస్సు కండక్టరంటే భయం, తూకం మిషనంటే భయం, ఇంగ్లీషు అక్షరాలున్న ఏ డబ్బా చూసినా భయమే. అయిదో క్లాసుతో బడి మానేసినదాన్ని, కాగితం మీద ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు (తప్పులుంటే చదివేవాళ్ళు కోప్పడకండి). ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఒకప్పుడు ఒక రబ్బరు బొమ్మ నా ఉద్యోగాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంది. ఆ సంగతే చెబుతాను.

హోసూరు దగ్గర బాగలూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి ప్లాస్టిక్ కప్పుల కింద గులాబీ తోటలుంటాయి. అలాంటి ఒక తోటలో, పూలు కట్టే షెడ్డులో నేను చేరి అప్పటికి నెల కూడా కాలేదు. మొదటి నెల చేయి కుదిరితే ఉంచుకుంటారు, కుదరకపోతే పంపించేస్తారు. పంపించేస్తే నాకున్న దారి తళిలో మా చిన్నాయన క్యాబేజీ తోట. క్యాబేజీతో నాకు తగువేమీ లేదు, చిన్నాయన నోటితోనే. అందుకని షెడ్డులో ఊపిరి బిగబట్టి పని చేసేదాన్ని. అక్కడ నేర్పే మొదటి పాఠం, చేయి మెత్తగా ఉండాలని. వేలు కాస్త గట్టిగా తగిలితే చాలు, సాయంత్రానికి రేకు నల్లబడుతుంది. రెండో పాఠం ఇరవై. ఇరవై పూలు ఒక కట్ట. మా షెడ్డుకు పెద్దదిక్కు ఒక అత్త. అందరి కట్టలూ లెక్క చూసేది ఆమే గనుక అందరం కట్టలత్త అనేవాళ్ళం. ఆమె గొంతెత్తి "లాభం, రెండు, మూడు" అని లెక్క పెడుతుంటే (ఒకటి అనకూడదు, లాభం అనాలి) మా చేతులన్నీ ఆ గొంతు వెంటే నడిచేవి. "ఇరవై" అనగానే అందరి చేతులూ ఒక్కసారి ఆగి, మణికట్టుకు వేసుకున్న రబ్బరు బ్యాండు లాగి కట్టకు చుట్టేవి. నిద్రలో కూడా ఇరవై అని వినబడితే నా చేయి మణికట్టు దగ్గరికి పోయేది.

అలాంటి ఒక రోజు పొద్దున మా సూపర్‌వైజరు టీవీ ఒకటి తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టించాడు. ఆయనది గుంటూరు, ఎప్పుడూ పరుగులోనే ఉండే మనిషి. వెనకాలే కృష్ణగిరి నుంచి ఒక నర్సక్క వచ్చింది, చేతిలో పెద్ద సంచి. సంచి విప్పి బల్ల మీద పడుకోబెట్టింది చూడండి, నడుము దాకానే ఉన్న రబ్బరు మనిషిని! వాడి వీపు నుంచి ఒక వైరు టీవీకి పోతోంది.

"కాళ్ళేవి తల్లీ? యాడ పోగొట్టుకున్నాడు?" అంది కట్టలత్త.

"కాళ్ళతో మనకు పనిలేదమ్మా, గుండెతోనే పని" అని నర్సక్క నవ్వింది. ఎండలో, వేడిలో పని చేసేవాళ్ళు ఉన్నట్టుండి పడిపోతే, అంబులెన్సు వచ్చేదాకా గుండెను ఎలా నొక్కి నిలబెట్టాలో వయసు పిల్లలకు వీడియో ఆటతో నేర్పుతారట. బొమ్మను ఇక్కడ నొక్కితే టీవీలో మనిషికి తగులుతుంది. సరిగ్గా నొక్కితే పచ్చ రంగు, తప్పు నొక్కితే ఎర్ర రంగు. టీవీలో మనిషికి చక్కటి మీసాలు, నీలం చొక్కా, పూలతోటలో పడిపోయి ఉన్నాడు. పదో క్లాసు చదివిన పిల్లలు ముగ్గురున్నారు మా షెడ్డులో. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు దాక్కుని, చివరికి "కొత్తదే, పోనీలే" అని నన్ను ముందుకు తోశారు. నేనప్పటిదాకా ఆడిన ఆటలంటే అచ్చంగాయలు, కుంటుడుబిళ్ళ.

"ముందు భుజం తట్టి పిలువమ్మా, ఊపిరి ఉందా లేదా చూడు. లేకపోతేనే నొక్కాల" అంది నర్సక్క.

ఏమని పిలవాలో తెలియక నిలబడిపోయాను. "మామా..." అన్నాను మెల్లగా.

"ఏమే, పెండ్లి కావల్సిన పిల్లవి, ఎవుర్నిబడితే వాన్ని మామా అంటావా? అందులో ఎద మీద చేతులు పెట్టల్లంట! అన్నా అను" అని కట్టలత్త కసిరింది. షెడ్డంతా ఘొల్లుమంది. "అన్నా, అన్నా" అన్నాను. అన్న పలకలేదు, ఊపిరీ లేదు. ఎద మధ్యలో చేయి మీద చేయి పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. ఎలా నొక్కాను? రేకు నలగకుండా నొక్కాను. టీవీ ఎర్రగా అయింది. "ఇంకా లోతుకి" అంటోంది నర్సక్క. నాకు ధైర్యం చెప్పాలని ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో లెక్క మొదలుపెట్టారు, "లాభం, రెండు, మూడు..." ఆ గొంతుతో చేయి కాస్త గట్టిపడింది, పచ్చ రంగు రావడం మొదలైంది కూడా. అంతలో "ఇరవై!" అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. రబ్బరు బ్యాండు లాగి చేతిలో పట్టుకుని, కట్ట కోసం చూస్తున్నాను.

టీవీ కుయ్యిమని పొడుగ్గా కూత పెట్టింది. తోట బూడిద రంగైపోయింది. ఆట తయారు చేసినవాళ్ళు ఎవరో గానీ మహా మనసున్న మనుషులు, అంతటితో వదల్లేదు. మీసాలన్న పెళ్ళాం, చిన్న కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన పక్కన కూలబడి ఏడ్చారు.

ఆ పాప ఏడుపు చూసి మావాళ్ళలో ముగ్గురు ఏడ్చేశారు. కట్టలత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో నా తండ్రీ, ఇంత చిన్న పిల్లను వదిలేసి పోయినావా" అని రాగం ఎత్తుకుంది. రాగం అయిపోయాక కళ్ళు తుడుచుకుని, చేతిలో ఉన్న గులాబీలను తీసి దూరంగా పెట్టింది. ఆమెను చూసి అందరూ పెట్టేశారు.

"ఏంటమ్మా, పని ఆపేశారేంటి?" అన్నాడు గుంటూరాయన.

"చావు చూసిన చేతుల్తో పూలు కట్టేదెట్లప్పా? తల స్నానం చేయల్ల."

"చావేంటి? అది వీడియో గేమమ్మా!"

"ఆటో పాటో, కండ్లతో చూసినామా లేదా? ఏడ్చినామా లేదా? ఈ పూలు యాడికి పోతాయి?"

ఆయన గబుక్కున చేతి గడియారం చూసుకున్నాడు. ఎందుకంటే ఆ రోజు పూలు కృష్ణగిరిలో ఒక పెండ్లికి పోవాలి. ముహూర్తం పూలు. నాలుగింటికి టెంపో వస్తుంది. ఇంతమందీ ఇండ్లకు పోయి తలకు పోసుకుని వచ్చేసరికి పెండ్లికొడుకు తాళి కట్టేసి భోజనానికి కూర్చుంటాడు. "నువ్వే ఫోను చెయ్యి" అంది అత్త. "చావు చూసి వచ్చి కట్టినాము, పరవాలేదా అని పెండ్లికూతురి తల్లిని అడుగు. ఆమె సరే అంటే మాకేమి?" ఆయన ఫోను తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయనకూ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఉన్నారు కదా, పెండ్లింటివాళ్ళతో చావు మాట ఎలా ఎత్తుతాడు? ఆ కోపమంతా నా మీదికి తిరిగింది. "ఇదిగో అమ్మాయ్, టెంపో గనక ఖాళీగా పోయిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

క్యాబేజీలు నా కళ్ళ ముందు వరసగా కనబడ్డాయి.

అప్పుడు నర్సక్క అడ్డం వచ్చింది. "అమ్మా, ఆయన ఇంకా పోలేదు. ఈ ఆటలో ఆయనకు మూడు ప్రాణాలుంటాయి. ఒకటే పోయింది."

"మూడు ప్రాణాలా!" అత్త నోరు తెరిచింది. "మన మొగోళ్ళకి ఒగటే కదే పాపం!" వెంటనే తీర్పు కూడా చెప్పింది. "అట్లయితే ఇంకా మైల రాలేదు. వాడు లేచి కూచుంటే చావే లేదు. ఆఖరి ప్రాణం పోతే మాత్రం నేను పువ్వు ముట్టను."

"జరగండి, నేను లేపుతా" అని గుంటూరాయన చొక్కా చేతులు మడిచి దూకాడు. నిండిపోయిన పెట్టె మూతను ఒత్తినట్టు మోచేతులు వంచి టపటపా బాదాడు. టీవీ ఎర్రగా అయింది, కూత పెట్టింది, పెళ్ళాం, కూతురు మళ్ళీ పరుగెత్తుకొచ్చారు. రెండో ప్రాణం కూడా పోయింది. ఆడవాళ్ళందరూ ఆయన్ను చూసిన చూపు ఉంది చూడండి, పోలీసులు కూడా అలా చూడరు. "సారూ, నువ్వయితే పూల పక్కకే రావద్దు" అంది అత్త.

ఆయన చెమట తుడుచుకుంటూ నర్సక్కకు చేతులెత్తి దండం పెట్టాడు. "మేడం, మీరే కానిచ్చేయండి."

"ఆయమ్మ లేపితే ఆయమ్మ చేతికి మంచిది" అంది అత్త. "మా చేతులకెట్ల మంచిదవుతుంది? మా షెడ్డు చెయ్యే లేపల్ల. రావే అమ్మణ్ణీ."

నా కాళ్ళు ఆ రబ్బరు మనిషి కాళ్ళ మాదిరే అయిపోయాయి, ఉన్నాయో లేవో తెలియలేదు. నర్సక్క నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "మీ ఊర్లో బోరింగు ఉండాదా?"

"ఉండాదక్కా, మా వీధి చివర్లో."

"దాన్ని ఎట్ల కొడతావు?"

"చేతులు చాపి, ఒళ్ళంతా దాని మింద వేసి."

"సగంలో ఆపితే?"

"నీళ్ళు మళ్ళా కిందికి దిగిపోతాయక్కా. మొదట్నుంచి కొట్టల్ల."

"అంతే. రక్తం గూడా అంతే. పూలు అనుకోవద్దు, బోరింగు అనుకో. కిందికి పూర్తిగా నొక్కు, పైకి పూర్తిగా వదులు, ఆపొద్దు."

అంతవరకు నాకు ఎవరూ ఏ పాఠమూ అలా చెప్పలేదు. మోచేతులు బిగించి, ఒళ్ళంతా వేసి నొక్కాను. బొమ్మ లోపల టక్కుమని శబ్దం వచ్చింది. పచ్చ! మళ్ళీ నొక్కాను. పచ్చ! ఆడవాళ్ళకు ప్రాణం లేచొచ్చి మళ్ళీ లెక్క అందుకున్నారు. ఆ లెక్క ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పది దాటింది, పన్నెండు దాటింది. ఆగకూడదు ఆగకూడదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, అయినా వేళ్ళు అప్పుడే వదులవుతున్నాయి. కట్టలత్త నా చేతుల వైపే చూస్తోంది. "పద్దెనిమిది, పందొమ్మిది..." అన్నారు. అత్త అందరి గొంతులూ మించి అరిచింది.

"లాభం!"

అందరి తలలూ అత్త వైపు తిరిగాయి. "లాభం అంటిని గదా! అనండే! రెండు! మూడు!" జీవితమంతా ఇరవైకి కట్ట కట్టిన మనిషి ఆ రోజు ఇరవై అనే మాటను మింగేసింది. అందరూ నవ్వుతూ, ఆయాసపడుతూ అందుకున్నారు. పందొమ్మిది, లాభం. పందొమ్మిది, లాభం. నా చేతులకు ఆగే చోటే దొరకలేదు. జడ ఊడిపోయింది, చెమట బొమ్మ ముక్కు మీద పడుతోంది, భుజాలు మండుతున్నాయి. టీవీలో ఎక్కడో దూరంగా అంబులెన్సు కూత వినబడింది. "ఆపొద్దు ఆపొద్దు" అంటోంది నర్సక్క. గుంటూరాయన కూడా ఎప్పుడు కలిశాడో, "లాభం, లాభం" అని అదొక్కటే అరుస్తున్నాడు. తెల్ల బండి వచ్చి ఆగింది. మీసాలన్న దగ్గి, కళ్ళు తెరిచి, లేచి కూర్చున్నాడు. కూతురు ఆయన మెడ పట్టుకుంది.

అంత సంతోషం నేను నిజం మనుషుల మధ్య కూడా చూడలేదు. ఒకరినొకరు పట్టుకుని గెంతారు. కట్టలత్త టీవీ ముందుకు పోయి, రెండు చేతులూ తిప్పి మీసాలన్నకు దిష్టి తీసి మెటికలు విరిచింది. నర్సక్క "ఇంకెవరు ఆడతారు?" అనేలోపే అత్త గోడకున్న ప్లగ్గు లాగేసింది. "చాలు తల్లీ. పెండ్లి పూలు పోయినంక ఎంతమందినైనా పడేయండి, లేపండి." తర్వాత ఆ చేతులు పూల మీద ఎలా పరుగెత్తాయో చెప్పలేను. టెంపో కొంచెం ఆలస్యంగా కదిలింది గానీ నిండుగా కదిలింది. గుంటూరాయన దాని వెనక తలుపు వేసి, నా వైపు చూడకుండా "రేపు పెందలాడే రా" అని ఆఫీసులోకి పోయాడు. నేను ఇంటికి పోయేదాకా ఆ మాటనే నెమరు వేసుకున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. నిజం మనిషి గుండె నొక్కే అవసరం దేవుడి దయవల్ల ఇంతవరకు రాలేదు. మొన్న హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో మాత్రం, ఎదురు సీటులో ఒక మీసాలాయన తల వెనక్కి వాల్చేసి నోరు తెరుచుకుని ఉన్నాడు. నాకు తెలియకుండానే ముందుకు వంగి, భుజం తట్టి, "అన్నా, అన్నా" అన్నాను. పలకలేదు. చేయి మీద చేయి పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చి ముందు ఊపిరి చూశాను. చక్కగా వస్తోంది, గురక కూడా మొదలైంది. అంతలో ఆయన ఒక కన్ను తెరిచి, "ఏమ్మా, నా స్టాపు వచ్చిందా?" అన్నాడు. "లేదన్నా, ఇంకా చానా దూరం ఉండాది, పండుకో" అన్నాను. ఆయన నిద్రపోయాడు. ఆ కాలపు పిల్లయితే సిగ్గుతో మొహం కిటికీలో పెట్టేసేది. నేను మాత్రం కృష్ణగిరి వచ్చేదాకా ఆయన చొక్కా గుండీలు పైకీ కిందికీ కదలడం చూస్తూ, హాయిగా కూర్చున్నాను.