మినిట్స్ పుస్తకంలో లేని మామ్మ

మామ్మ పోయిందన్న కబురు సోమవారం ఉదయం ఆఫీసుకే వచ్చింది. ఫోన్ చేసింది ఆవిడ కోడలు. "అత్త ఇందాకే పోయిందమ్మా. నాను పోతే కమిటీ పాపకి సెప్పండని ముందే అనీసింది" అంది. ఆ కమిటీ పాపను నేనే. వెళ్లి కమిటీ అధ్యక్షుడికి చెప్పాను. ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టి "అయ్యో" అన్నారు. మళ్లీ గ్లాసు అందుకుని, "వచ్చే మీటింగులోపు మత్స్యకారుల్లోంచి ఇంకో ఆడమనిషి పేరు చూడండి. కాస్త నెమ్మదస్తురాలైతే మంచిది" అన్నారు.

నేను ఆవిడకు బంధువును కాను. ఇళ్లు లేనివాళ్లలో ఎవరికి, ఎక్కడ ఇళ్లివ్వాలో సలహా చెప్పడానికి మా వార్డులో ఒక కమిటీ వేశారు. ఆ మీటింగుల్లో ఏం జరిగిందో పుస్తకంలో రాసే కాంట్రాక్టు ఉద్యోగిని నేను. కమిటీలో అన్ని రకాల వాళ్లూ ఉండాలని నిబంధన. మల్కాపురం వీధుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మామ్మను అలాగే తెచ్చారు. మత్స్యకారిణి, ఆడమనిషి, పైగా భర్త లేని మనిషి. "ఒక్క కుర్చీతో మూడు ఖాళీలు నిండాయి" అని అధ్యక్షుడు నవ్వితే, ఏం అర్థమైందో గాని మామ్మ కూడా నవ్వింది.

మొదటి మీటింగుకు అమ్మకం ముగించుకుని నేరుగా వచ్చింది. వాసన వస్తోందని ఒక సభ్యుడు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అటెండరు ఆవిడ కుర్చీని గుమ్మం దగ్గరికి జరిపాడు. మామ్మ లేచి, కుర్చీ తానే పట్టుకొచ్చి మళ్లీ బల్ల దగ్గర వేసుకుంది. "ఈ సేపలు వొండింది తింతారు గదా బాబూ. అమ్మినోలు పక్కన కూకుంటే ఏటి?" అంది.

ఆవిడకు చదువు లేదు, సంతకం మాత్రం నేర్చుకుంది. చెప్పదలచుకున్న ఒక్కో సంగతికీ చీర కొంగున ఒక్కో ముడి వేసుకొచ్చేది. ఒకటి చెప్పాక నా వైపు తిరిగి "రాసీసినావా అమ్మా?" అని అడిగేది. నేను తలూపాకే ఆ ముడి విప్పేది. ఇంజనీరు లెక్కలు చదువుతుంటే కునికేది. నచ్చని మాట వినబడితే మాత్రం కళ్లు తెరవకుండానే తిట్టేది. పెద్దా చిన్నా చూసేది కాదు.

కొండల వెనక ఎక్కడో కట్టిన నాలుగంతస్తుల ఇళ్లకు మామ్మ వీధివాళ్లందరినీ పంపాలన్న ప్రతిపాదన వచ్చిన రోజు, ఆ కొంగుకు నాలుగు ముడులున్నాయి.

"తెల్లారకముందే హార్బర్లో సేపలు ఏలంలో పాడుకోవాల. అక్కడ్నుంచి ఏ బస్సెక్కి వొస్తాం? మనోలకి ఈపక్కే సోటు సూడండి" అంది. అది మొదటి ముడి. వలలూ తట్టలూ పెట్టుకునేందుకు కింద చోటుండాలన్నది రెండోది. పోలియో వచ్చిన పక్కింటి పిల్లకు కింది అంతస్తు ఇవ్వాలన్నది మూడోది. నాలుగోది తన వాళ్ల గురించి కాదు. "మా ఈది సివర ముస్లిం దర్జీకి ఎవులూ ఇల్లు అద్దెకివ్వట్నేదు. ఇద్దరాడపిల్లలతోటి షాపులోనే తొంగుంటన్నాడు. ఆల పేరు ముందు పెట్టండి" అంది.

అధ్యక్షుడు "నోట్ చేసుకోండి" అని నాతో అన్నారు. నేను పెన్ను కదిపాను. "రాసీసినావా?" అని మామ్మ నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ తలూపాను. నాలుగు ముడులూ విప్పి కొంగు దులుపుకుంది.

నేను ఏమీ రాయలేదు. మొదటి మీటింగులో ఆవిడ మాటలు పూర్తిగా రాస్తే, అధ్యక్షుడు ఆ పేజీ కొట్టేసి "నిర్ణయాలు రాయమన్నాను, గొడవలు కాదు. ఉద్యోగం అక్కర్లేదా?" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మాట్లాడేటప్పుడు కాగితం మీద ఉత్తినే గీతలు గీసేదాన్ని. ఆ రోజు పుస్తకంలో రాసింది ఒక్క వాక్యం: 'ప్రతిపాదనను సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.' దాని కింద ఎక్కడ సంతకం పెట్టాలో మామ్మకు వేలుపెట్టి చూపించింది కూడా నేనే.

ఆరు నెలలకు వీధికి నోటీసులు వచ్చాయి. వీధివాళ్లు సమాచార హక్కు కింద కాగితాలు తెప్పించుకున్నారు. రామాలయం అరుగు మీద ఎవరో పైకి చదివారు. అందరి సంతకాల మధ్య మామ్మ సంతకమూ ఉంది. ఆ మర్నాటి నుంచి హార్బరుకు వెళ్లే షేరాటోలో ఆడవాళ్లు ఆవిడకు చోటివ్వడం మానేశారు. "మమ్మల్ని అమ్మీసి పెద్దోల పక్కన కూకుంది" అన్నారు. ఒకామె ఆవిడ తట్ట కాలితో తన్నిందట. చేపలు మట్టిలో పడితే ఎవరూ వంగలేదట.

మామ్మ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సదువమ్మా" అంది. చదివాను.

"నా మాటేదీ?"

నేను తల వంచుకున్నాను.

"నాలుగు సెప్పినాను గదా. రాసీసినానన్నావు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "సదువొచ్చినోలు రాత్తే ఇంక పోదనుకున్నానమ్మా" అంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "బయట ఎవులికీ సెప్పకు. నీ ఉద్యోగం పోద్ది" అంది.

నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. రెండేళ్లపాటు తన వాళ్ల చేత మాటలు పడుతూ నా ఉద్యోగం కాపాడింది. నా జీవితంలో ఇంకెవరూ నాకు అంత మేలు చేయలేదు. తీసుకోకూడని మేలు అది. తీసుకున్నాను.

వీధిని ఖాళీ చేయించాక మామ్మకు నాలుగో అంతస్తు వచ్చింది. పోలియో అమ్మాయికి మూడోది. దర్జీకి అసలు రాలేదు. హార్బరు దూరమై మామ్మ తట్ట మూలపడింది. మీటింగులకు మాత్రం రెండు బస్సులు మారి వచ్చేది. ఏమీ మాట్లాడేది కాదు. ఎందుకొస్తున్నావని ఒకసారి అడిగాను. "నాను మానేత్తే నెమ్మదైనోల్ని తెత్తారు" అంది.

సోమవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. మెట్ల మలుపుల్లో పాడె తిరగడం లేదని మామ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి దించి, కింద పాడె మీద పడుకోబెట్టారు. పాత వీధివాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. నేను వాళ్ల దగ్గరికి వెళ్లి, మామ్మ ఆ రోజు చెప్పిన నాలుగు సంగతులూ ఒక్కొక్కటిగా చెప్పాను. అవి రాయనిది నేనని చెప్పాను. మామ్మతో ఏళ్ల తరబడి హార్బరుకు వెళ్లినామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు సెప్పి ఏటి లాభం? అది ఇంటాదా?" అంది.

జవాబు కోసం ఆగకుండా మిగతా ఆడవాళ్లతో పాటు పాడె వెనక నడిచింది.

పాడె గేటు దాటుతుంటే నీళ్ల ట్యాంకరు ఎదురొచ్చింది. అక్కడ అది రెండ్రోజులకోసారి వస్తుంది. మోస్తున్నవాళ్లు పక్కకు తప్పుకుని దానికి దారిచ్చారు. వెనక నడుస్తున్న ఆడవాళ్లు ఒకసారి పాడె వైపు చూశారు, ఒకసారి ట్యాంకరు వైపు. తర్వాత బిందెల కోసం పరిగెత్తారు. నన్ను నిలదీసినామె కూడా పరిగెత్తింది. అందరినీ తోసుకుని ముందుగా ఒక బకెట్ నింపింది. దాన్ని తన ఇంటికి తీసుకెళ్లలేదు. నేను వెనకే వెళ్లాను. ఆమె అంతస్తు అంతస్తుకూ ఆగి చేతులు మార్చుకుంటూ నాలుగో అంతస్తు ఎక్కి, మామ్మ గుమ్మం ముందు పెట్టి దిగిపోయింది. లోపల ఇల్లు కడగడానికి కోడలు చీపురు వెతుక్కుంటోంది. గుమ్మం ముందు బకెట్లో నీళ్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.