మాత్రలు మానేసిన సైన్సు టీచరు

నాకు ఫిట్స్ ఉన్నాయన్న సంగతి మా ఆయనకు పెళ్లికి ముందే చెప్పాను. అత్తగారికి చెప్పే పని ఆయన మీద పెట్టాను. ఆయన నా మీద పెట్టారు. అలా రెండేళ్లు గడిచాయి. ఫిట్స్ మాత్రల్ని విటమిన్ల డబ్బాలో పోసుకుని, ఆవిడ ఎదుటే దర్జాగా మింగేదాన్ని.

"మా కోడలికి ఆరోగ్యమంటే ఎంత శ్రద్ధోనండీ" అని ఆవిడ చుట్టుపక్కల వాళ్లతో చెప్పి మురిసిపోయేవారు.

నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. డాక్టర్ని అడగకుండా మందులు మానకూడదని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని. నెల తప్పగానే ఆ మనిషి చేసిన పని ఏమిటంటే, మాత్రల పెట్టెలో మడిచిపెట్టిన కాగితం విప్పి, ల్యాబులోంచి తెచ్చిన భూతద్దంతో చదవడం. గర్భిణుల గురించి రెండు వాక్యాలు కనిపించాయి. మిగతాది చదవలేదు. నా చేత్తో నేనే బిడ్డకు విషం పెడుతున్నాననుకున్నాను. ఎవరినైనా అడగాలని మాత్రం తోచలేదు. మాత్రలు మానేశాను. డబ్బాలో ఈసారి నిజంగానే విటమిన్లు పోశాను.

ఐదో రోజున తొమ్మిదో తరగతిలో బోర్డు మీద పువ్వు బొమ్మ గీస్తున్నాను. ఆకర్షక పత్రాల దాకా గుర్తుంది. కళ్లు తెరిచేసరికి వరండాలో పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. నాలుక కొరుక్కున్నట్టున్నాను, నోటినిండా రక్తం రుచి. హెడ్మాస్టరుగారు హాజరుపట్టీతో విసురుతున్నారు. ఎవరో నా చేతిలో తాళాలగుత్తి పెట్టబోతే, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నెట్టేసింది.

"తాళాలెందుకండీ, కాస్త గాలి రానివ్వండి. మా ఆడపడుచుకీ ఉందండి ఇది."

నేను అడిగిన మొదటి మాట బిడ్డ గురించి కాదు. "పువ్వు బొమ్మ అందరూ వేసుకున్నారా?"

అమలాపురం ఆస్పత్రిలో స్కానింగులో గుండె చప్పుడు వినిపించాకగానీ నాకు ఏడుపు రాలేదు.

"మాత్రలు ఎందుకు మానేసేరండీ?" అన్నారు డాక్టరుగారు.

"బిడ్డకి మంచిది కాదేమోనండి..."

"మరి మీరు పడిపోతే బిడ్డ ఎక్కడుంటుందండీ?"

ఆ డాక్టరమ్మగారే నా ఫిట్స్ డాక్టరుగారితో ఫోనులో మాట్లాడారు. కొన్ని రకాల మాత్రలైతే మార్చాల్సి వచ్చేదట. నావి మార్చక్కర్లేదన్నారు. నెలలు పెరిగేకొద్దీ మోతాదు పెంచాల్సి రావచ్చన్నారు. ఫోలిక్ యాసిడ్ కూడా రాసి, "ఇవన్నీ నెల తప్పకముందే అడగాల్సిన సంగతులండీ" అన్నారు.

స్కూలు నుంచి కబురందుకుని వచ్చిన అత్తగారు పక్కన బెంచీ మీద కూర్చుని అంతా విన్నారు. ఇంటికొచ్చాక అడిగారు.

"నాకు చెప్తే ఏం చేసేదాన్నమ్మా?"

"ఏమోనండీ, తెలీదు."

"నాకూ తెలీదు. చెప్పి చూడాల్సింది."

మర్నాటి నుంచి మాత్రల వేళకి గ్లాసుతో నీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడేవారు. మింగాక నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేవారు. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకోనిచ్చేవారు కాదు. తలుపు బయట కూర్చుని పైకే ప్రార్థన చేసేవారు. లోపల నీళ్ల చప్పుడు ఆగితే బయట ప్రార్థన ఆగిపోయేది. దేవుణ్ణి మధ్యలో వదిలేసి "అమ్మాయ్!" అని కేకేసేవారు. పలకాల్సిందే.

మోతాదు రెండుసార్లు పెంచారు. మళ్లీ ఫిట్స్ రాలేదు. నెలలు నిండాక మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. పాలివ్వొచ్చా అని ఈసారి నోరు తెరిచి అడిగాను. ఇవ్వమన్నారు. ఫిట్స్ వచ్చినా పాప ఎత్తు నుంచి పడకుండా, కింద చాప పరుచుకుని కూర్చుని ఇచ్చేదాన్ని.

మొన్న మా వీధిలో ఒకావిడ నెల తప్పిన కూతుర్ని మా ఇంటికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయికీ ఫిట్స్ ఉన్నాయట. నేను మెదడు, నరాలు అంటూ పాఠం అందుకున్నాను. అత్తగారు అడ్డొచ్చారు.

"అయ్యన్నీ తర్వాతమ్మా. నువ్వు మానేసి పడిపోయిన సంగతి ముందు చెప్పు."

సిగ్గు చంపుకుని చెప్పాను. అప్పటిదాకా తల వంచుకున్న ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది.

"నేనూ మానేసేనండి. మొన్నటినుంచి."

ఆటో పిలవమని మా ఆయనకు కేకేశాను.