చొక్కా జేబు మీద వల దారం

పోయిన వారం నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి మా కోడలు నా కుట్టు గదిని సర్దేసింది. నిజం చెప్పాలంటే సర్దమన్నది నేనే. మనవరాలికి ఏడో నెల వచ్చింది, పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టాలి, ఆ గదిలో చూస్తే గుడ్డ మూటల మధ్య కాలు పెట్టే చోటు లేదు, కాస్త చోటు చేసి పెట్టమ్మా అని నోరు తెరిచి అడిగాను. అడిగిన పాపానికి ఆ పిల్ల గోడ పొడుగునా మూతల ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి, ఇన్నేళ్ళుగా కట్టి ఉంచిన మూటలన్నీ విప్పేసి, ఎర్ర ముక్కలన్నీ ఒక డబ్బాలో, పచ్చవన్నీ ఒక డబ్బాలో, పువ్వులవి వేరే, గళ్ళవి వేరే అమర్చింది. గుమ్మంలో నిలబడి చూస్తే బట్టల కొట్టులా కళకళలాడుతోంది. అంతా బాగానే ఉంది గానీ మూట మూటకీ ఒక చీటీ ఉండాలి కదమ్మా, అవేవని అడిగాను. చిత్తుకాగితాలనుకుని పొద్దున్నే చెత్తబండిలో వేసేశానండీ అత్తయ్యగారూ, అంది పాపం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చీటీల మీద ఉన్నది మా అత్తయ్య చేతిరాత, ఏ ముక్క ఎవరిదో చెప్పే పేర్లు. నోటిదాకా వచ్చిన మాటని మింగి, మంచినీళ్ళు తాగి వస్తానని వంటింట్లోకి పోయి నిలబడ్డాను. అది నా మంచితనం అనుకునేరు, కాదండీ. చక్కగా సర్దబోయి పోగొట్టకూడనిది పోగొట్టినవాళ్ళలో ఈ ఇంట్లో నేనే మొదటిదాన్ని. ఆ సంగతి గుర్తొచ్చింది.

మా అత్తయ్య అంటే నాకు మేనత్తే. తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగిన నన్ను కోడలిగా ఏలూరు తెచ్చుకుని, వంట కంటే ముందు కుట్టు నేర్పింది. వీధి వసారాలో మిషను, పక్కన కత్తిరించే బల్ల, గోడకి మేకులు, ఆ మేకులకి మూటలు, అదే మా కొట్టు. జాకెట్టు కుట్టాక మిగిలిన గుడ్డ జానెడున్నా సరే, బెత్తెడున్నా సరే, మడిచి జాకెట్టులోనే పెట్టి ఇచ్చేది. మర్చిపోయి వదిలేసిన వాళ్ళవి పేరు రాసి మూట కట్టేది. గుడ్డ వాళ్ళది, మనది కుట్టు ఒక్కటే అనేది. మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పట్లో జనం నిజంగానే వచ్చి అడిగేవాళ్ళు, ఏవండీ మా పువ్వుల చీర ముక్క ఏమైనా మిగిలిందా, చంక దగ్గర అతుకు వేయాలండీ అని. ఇప్పుడు ఎవరు అడుగుతారు? మొన్న మా వీధి చివర టైలరు షాపు ముందు గోనెసంచి నిండా ముక్కలు చెత్తబండి కోసం పెట్టి ఉంటే, దాటిపోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. నాకు పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు ఇలాగే ఏడో నెలలో బొంతకి కూర్చున్నాను. పుట్టిన బిడ్డకి కొత్త గుడ్డ వేయరు కదా, పాతదై, ఉతికి ఉతికి మెత్తబడినదై ఉండాలి. మా వసారాలో మేకులకి వేలాడేవన్నీ కొత్త గుడ్డ ముక్కలు, గంజి వాసన వదలనివి. లోపలి పొరకి మా అమ్మ చీర ఉంది గానీ పైకి మెత్తటి గుడ్డ కావాలని వెతుకుతుంటే, ఒక మూటలో నీలం గళ్ళ చొక్కా ముక్కలు కనబడ్డాయి. మా వీధిలో ఉండే ఒకావిడ కొల్లేటి లంకలో ఉన్న తన చెల్లెలి పాపకి గౌను కుట్టమని పాత చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చింది. గౌను పట్టుకెళ్ళింది, ముక్కలు అడగలేదు. అప్పటికి అయిదారు నెలలైంది. వెన్నలాంటి గుడ్డ. ఆశ పుట్టింది.

ఆ ముక్కల్లో జేబు కూడా ఉంది. జేబు ఒక పక్క ఎప్పుడో ఊడిపోతే ఎవరో వలలు బాగుచేసుకునే మొరటు దారంతో కుట్టుకున్నారు. అబ్బ, ఏం కుట్టండీ అది. ఒకటి తూర్పుకి పోతే ఒకటి పడమటికి పోతోంది, ఒకచోట మూడు ముడులు. చూస్తే చేతులు దురద పెట్టాయి నాకు. అప్పుడప్పుడే పని పట్టుబడిన రోజులాయె, చీమల బారులాంటి కుట్టు నాదని వీధంతా మెచ్చుకుంటుంటే నేల మీద నడిచేదాన్ని కాదు. ఆ దారం బిడ్డ ఒంటికి గీసుకుంటుందని నాకు నేను చెప్పుకుని, కత్తెర మొనతో ఒక్కొక్క ముడీ లాగి పారేసి, జేబుని చదును చేసి, బొంత మధ్యలో పెట్టి సన్నటి టాకాలు వేశాను. అత్తయ్య అప్పుడు గణపవరంలో పురుడికి సాయం వెళ్ళి ఊళ్ళో లేదు. మూట ఖాళీ అయినట్టు ఆవిడకి చెప్పనూ లేదు.

మరుసటి ఎండాకాలంలో, పెద్దాడికి ఎనిమిదో నెలప్పుడు, లంకలో ఉండే ఆ చెల్లెలే స్వయంగా వచ్చింది. నా ఈడుదే, ఇరవై దాటి ఉండవు. నుదుట బొట్టు లేదు. వసారా మెట్టు మీదే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. ఆ చొక్కా వాళ్ళాయనదట. గౌను కుట్టడానికి ఇచ్చేటప్పటికే ఆయన జ్వరంతో పోయి నెలరోజులట, వాళ్ళక్క మాకు చెప్పలేదు. తరవాత వరదకి ఇల్లు పడిపోయి ఉన్న గుడ్డలన్నీ నీళ్ళపాలయ్యాయట, గౌను పిల్ల ఒంటి మీదే చిరిగిపోయిందట. "ఆయనవి ఇంకేం లేవండీ. జేబు ముక్క ఏమైనా ఉంటే ఇప్పించండి," అంది.

లోపల ఉయ్యాల్లో నా కొడుకు ఆ బొంత మీదే నిద్రపోతున్నాడు. అత్తయ్యకి తెలిస్తే ఏమంటుందోనన్న భయం, పోయిన మనిషి గుడ్డ నా బిడ్డ కింద వేశానే అన్న భయం, రెండూ కలిసి నా నోట అబద్ధం పలికించాయి. మిగల్లేదండీ, గౌనుకే సరిపోయింది అన్నాను. అడక్కపోయినా, చాలీచాలకుండా వచ్చిందండీ అని కూడా అన్నాను, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆవిడ ఒక్క క్షణం మేకుల వంక చూసి, పోన్లెండి అని వెళ్ళిపోయింది.

నూతి దగ్గర బిందె ముంచుతున్న అత్తయ్య ఇదంతా విందని నాకు తెలియదు. ఆవిడ లోపలికి వచ్చి, పిల్లాణ్ణి ఎత్తి నా చేతికిచ్చి, బొంత తీసి వెలుగులో పట్టుకుంది. ఇన్నాళ్ళూ పైన పక్కగుడ్డ పరిచి ఆ గళ్ళు ఆవిడ కంటపడకుండా చూసుకున్నాను గానీ, గుడ్డ ఒకసారి చేతిలో పడితే ఆవిడ మర్చిపోదు. తిడుతుందనుకున్నాను, అపశకునం అంటుందనుకున్నాను. "అడిగిన మనిషికి లేదని ఎట్టా చెప్పావే?" అంది, అంతే. కత్తెర నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుస్తూనే జేబు ముక్క విప్పాను. మర్నాడు పొద్దున్నే చంటాణ్ణి చంకనేసుకుని బస్సు ఎక్కాను. దిగాక తాటి దోనె ఎక్కాను. చుట్టూ నీళ్ళు చూసి వాడు కేరింతలు కొడుతుంటే, వెళ్ళి ఆ మనిషి మొహం ఎలా చూడాలిరా భగవంతుడా అని నేను లోలోపల కుమిలిపోయాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పాక ముందు నిలబడి అంతా చెప్పేశాను, నేను మూట విప్పిందీ, బొంత కుట్టిందీ, అబద్ధం ఆడిందీ. ఆవిడ కోప్పడలేదు. ఎండలో చంటిబిడ్డని తెచ్చారేంటండీ అని నీడకి పిలిచి, ముంతతో నీళ్ళిచ్చి, అప్పుడు జేబు అందుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, అంచు వెంట వేలితో తడిమింది.

"ఇక్కడ ఆయన కుట్టుండాలండీ," అంది.

అప్పుడర్థమైంది నాకు. జేబు ఊడిపోతే, ఆవిడ కుట్టిస్తానన్నా వినకుండా, వల కుట్టేవాడికి జేబు ఒక లెక్కా అని ఆయనే కూర్చుని కుట్టుకున్నాడట. ఆ కుట్టు చూసి ఇంటిల్లిపాదీ నవ్వారట. ఆ వంకర కుట్టు కోసమే ఆవిడ ఏలూరు దాకా వచ్చింది. విప్పేశానండీ, దారం పారేశానండీ అన్నాను. ఆ మాట చెప్పడం అబద్ధం ఒప్పుకోవడం కంటే కష్టమైంది. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ లోపలికి వెళ్ళి, ఆ మొరటు దారమూ సూదీ తెచ్చుకుంది. నా ఎదురుగానే కూర్చుని, జేబు అంచుని తన పాత చీర పేలిక మీద పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు టాకాలు వేసి చూసుకుని విప్పేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పింది. కావాలని పక్కకి లాగినా చెయ్యి తిన్నగానే పోతోంది. "ఆయనంత వంకరగా నాకు రాదండీ," అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఇవ్వండి, నేను ప్రయత్నిస్తానన్నాను. నా చెయ్యి మరీ అన్యాయం, ఎంత చెడగొట్టబోయినా చీమల బారే వచ్చింది. ఇద్దరం ఆ జేబు చెరో వైపు పట్టుకుని చాలాసేపు ఏడ్చాం. చివరికి ఆవిడే సముదాయించి, చేపల పులుసుతో అన్నం పెట్టి, దోనె దాకా వచ్చి దిగబెట్టింది.

ఇంటికొచ్చాక ఇచ్చావా అని అడిగింది అత్తయ్య. ఇచ్చానన్నాను. కుట్టు సంగతి మాత్రం ఆవిడ పోయేదాకా చెప్పలేకపోయాను. మధ్యలో చిల్లు పడ్డ బొంతకి తన పాత జాకెట్టు ముక్క ఒకటి ఆవిడే అతుకు వేసి, ఉయ్యాల్లో పరిచింది.

ఇవన్నీ తలుచుకుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ గదిలోకి వెళ్ళి కోడలితో డబ్బాలు బాగున్నాయమ్మా అన్నాను. చీటీలు పోయినా కొన్ని ముక్కలు పట్టుకుంటే ఎవరివో నాకు తెలుస్తూనే ఉన్నాయి, అడిగేవాళ్ళే లేరు. వచ్చి అడగవలసిన వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళ మనవరాళ్ళు చిరిగితే పారేసి కొత్తది ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. ఆ లంకకి ఇప్పుడు రోడ్డు పడిందని విన్నాను. దోనె అక్కర్లేకుండానే వెళ్ళొచ్చు గానీ, ఆవిడ పోయి అయిదారేళ్ళయిందని మా వీధి వాళ్ళే చెప్పారు.

ఇక ఆ ముక్కలు వాడేద్దామని నిశ్చయించుకున్నాను. లోపల నా పాత నేత చీరలు రెండు పరిచి, అంచు చుట్టూ డబ్బాల్లోని ముక్కలు అతికి, నాలుగు రోజులుగా బొంత కుడుతున్నాను. నిన్న కోడలు కాఫీ తెచ్చి, పక్కన కూర్చుని, నా టాకాల వంక చూసి చూసి, చాలా మెల్లిగా అడిగింది, "అత్తయ్యగారూ, ఆ వరస కొంచెం పక్కకి పోయిందండీ, విప్పేసి మిషను మీద వేసేయనా?" అని. కళ్ళజోడు సర్దుకుని చూశాను. నిజమే, చెయ్యి వణుకుతోంది కదా, ఒకటి తూర్పుకి పోతే ఒకటి పడమటికి పోయింది, మధ్యలో రెండు ముడులు. విప్పొద్దమ్మా, ఉండనీ అన్నాను. ఎందుకో చెప్పమంటే, ఇదంతా చెప్పాను. పిల్ల కళ్ళు తుడుచుకుంది.

ఆ లంక ఆవిడ ఇప్పుడు గనక మా మెట్టు మీద నిలబడి ఆ జేబు చేతికిస్తే, కూర్చోండమ్మా అని కూర్చోబెట్టి, అచ్చం వాళ్ళాయన కుట్టినట్టే కుట్టి ఇచ్చేదాన్ని. ఇప్పటికి వచ్చిందండీ నా చేతికి ఆ కుట్టు.