ఏకాంబరం ఎడమచేతి గిటారు

గానుగలో చెయ్యి పడినప్పుడు ఏకాంబరానికి నొప్పి తెలియలేదు. చెరుకు గడతో పాటు తన ఎడమ చెయ్యి కూడా ముందుకు పోతోందని మాత్రం తెలిసింది. పక్కనున్న మనిషి ఇంజను ఆపి, రోలర్లను వెనక్కి తిప్పేసరికి నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవు. అవతల పెనంలో బెల్లం పాకం ఉడుకుతూనే ఉంది. ఏకాంబరం చేతిని మొహం ముందు పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

తల్లి మునెమ్మ పరుగెత్తుకొచ్చి, కొంగు చింపి చుడుతుంటే, "అమ్మా, ఈ పొద్దు పలమనేరులో ప్రోగ్రాం ఉండాది" అన్నాడు.

మునెమ్మ వాడి మొహంలోకి చూసి బెదిరిపోయింది. "నాయనా, నీకు తెలస్తా ఉండాదా ఏమైందో?" అంది. తెలియడం లేదు. ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజున కూడా, లేని వేళ్ళతో తీగ నొక్కాలని చూసి, ఏమీ కదలకపోయేసరికి ఉలిక్కిపడ్డాడు.

ఇది పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది నాటి మాట. ఏకాంబరం వాళ్ళది పూతలపట్టు దగ్గర పల్లె. చెరుకు తోట, ఒక గానుగ. పగలు సేద్యం, పెళ్ళిళ్ళ కాలంలో చిత్తూరు దేవరాజులు ఆర్కెస్ట్రాలో గిటారు. పెళ్ళి పందిట్లో అతని గిటారు మొదలైతే వడ్డన చేసేవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని ఒక క్షణం నిలబడేవాళ్ళు. తీగల మీద పరుగెత్తేది ఆ ఎడమచెయ్యే. కుడిచెయ్యి చేసేది మీటడమే.

ఆర్కెస్ట్రా నడిపే దేవరాజులు చూడటానికి వచ్చినప్పుడు అరుగు మీద నేల చూస్తూ కూర్చున్నాడు. ఆర్కెస్ట్రాలోకి ఇంకో మనిషిని తీసుకున్నాడని ఏకాంబరానికి అప్పటికే తెలుసు.

"నీకు బొటనవేలు, సూపుడువేలు ఉండాయి కదప్పా," అన్నాడు చివరికి. "మీటేదానికి ఆ రెండూ సాలు. నొక్కేదానికి కుడి సెయ్యి బాగుండాది. గిటారును అటు తిప్పి పట్టుకోరాదా?"

ఏకాంబరం నవ్వాడో ఏడ్చాడో తెలియని గొంతుతో, "తిప్పితే తీగలన్నీ తలకిందులైపోతాయి కదన్నా" అన్నాడు.

అయినా ఇద్దరూ ప్రయత్నించారు. ఆర్కెస్ట్రా గిటారుకే తీగలు అటూ ఇటూ మార్చి కట్టారు. లావు తీగలు సన్న గాడుల్లో కూర్చోలేదు. సౌండు పెంచే మీటలు మోచేతికి తగులుతున్నాయి. చెక్కకు కోత రెండో వైపున ఉండడంతో చివరి మెట్లకు చెయ్యి అందలేదు. అప్పుడు దేవరాజులు, తిరుపతిలో ఒకతను చేతితో చేసిన ఎలక్ట్రిక్ గిటారును ఒక కచేరీలో చూశానన్నాడు. చేసినాయన పేరు దామోదరమనీ, కొర్లగుంటలో ఉంటాడనీ, ముందు వీణలు చేసేవాడనీ కనుక్కున్నాడు. అంతకు మించి అతనికి తెలియదు.

ఏకాంబరం బస్సెక్కి తిరుపతి వెళ్ళాడు. రేకుల పంచలో చెక్క పొట్టు మధ్య, నలభై దాటిన మనిషి ఒకడు వంగి ఉలి నూరుతున్నాడు. ఏకాంబరం పిలిచాడు. పలకలేదు. గట్టిగా పిలిచాడు. తల ఎత్తలేదు. లోపలి నుంచి ఒకామె వచ్చింది.

"ఆయనకి ఇనపడదు నాయనా. యాడినుంచి వచ్చినావు?" అంది. ఆమె దామోదరం భార్య చంద్రకాంతమ్మ.

ఏకాంబరం ఉలి నూరుతున్న మనిషి వైపు చూశాడు. "ఇనపడదా? గిటార్లు చేసేది ఈయనే కదక్కా?"

"ఈయనే. క్షయ వచ్చినప్పుడు సూదులు ఏసినారు. క్షయ పోయింది, సెవులూ పోయినాయి. పదేండ్లు దాటిపోయింది."

ఏకాంబరం వెనక్కి తిరిగాడు. చెవిటి మనిషి చేసిన వాయిద్యం కోసం, వేళ్ళు లేని తాను ఇంత దూరం వచ్చాడు. తిట్టాలనిపించింది, ఎవరిని తిట్టాలో తెలియలేదు. గేటు దాకా వెళ్ళేసరికి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. దామోదరం. అతను ఏకాంబరం ఎడమ చేతిని వెలుతురుకు తిప్పి, తెగిన చోట్లను ఒక్కొక్కటే బొటనవేలితో తడిమి చూశాడు. ఇన్ని నెలల్లో ఆ చేతిని ఎవరూ అలా చూడలేదు. అందరూ చూపు పక్కకు తిప్పుకునేవాళ్ళే. మునెమ్మ కూడా.

"గానుగా?" అన్నాడు దామోదరం. తన గొంతు తనకు వినపడని మనిషి కాబట్టి, వీధి చివరకు వినపడేంత గట్టిగా అడిగాడు.

ఏకాంబరం తల ఊపాడు.

"కూసో అప్పా. కుడి సెయ్యి ఇట్లా తే."

తడి మట్టి ముద్దను ఒక కర్రకు మెత్తి, గిటారు మెడను పట్టినట్టు పట్టుకోమన్నాడు. ఆ గుర్తుల మీద చాలాసేపు వేలు తిప్పి చూసుకున్నాడు. ఏకాంబరం చెప్పేది చంద్రకాంతమ్మ భర్త అరచేతిలో వేలితో రాసేది. అతను చదివి జవాబు అరిచేవాడు. పాత పనస దూలం ఒకటి ఉందన్నాడు. వేసవి దాటాక రమ్మన్నాడు.

వానలు మొదలయ్యాక ఏకాంబరం వెళ్ళాడు. గిటారు బల్ల మీద ఉంది. రంగు వెయ్యలేదు, పనస పసుపు అలాగే ఉంది. అద్దంలో చూసిన గిటారులా అన్నీ అటువైపు ఉన్నాయి. ఏకాంబరం బల్ల మీదికెక్కి బాసింపట్టు వేసుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. కుడిచెయ్యి మెడ మీద, తనకు తెలిసిన చోటికి వచ్చినట్టు కూర్చుంది. దామోదరం ఒక పాత ఆంప్లిఫయర్‌కు వైరు తగిలించాడు. ఏకాంబరం ఎడమచేతికి మిగిలిన రెండు వేళ్ళతో బిళ్ళ పట్టుకుని తీగలు మీటాడు.

రేకుల కింద సద్దు నిండింది. చంద్రకాంతమ్మ చేతులు చెవుల దాకా పోయాయి. దామోదరం మాత్రం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత, గిటారు పూర్తయిన ప్రతిసారీ చేసేదే చేశాడు. వంగి, గిటారు తలను పళ్ళతో పట్టుకున్నాడు. చెక్క అదురు పళ్ళలోకి వస్తుందని అతని లెక్క. కానీ అంతవరకూ వైరు తగిలించకుండానే చూసేవాడు. ఈసారి వైరు ఉంది, కాళ్ళ కింద వాన తడి ఉంది. పెదవి, తీగ బిగించే ఇనుప బిరడకు తగిలింది.

దామోదరం వెనక్కి ఎగిరిపడ్డాడు. ఉలుల డబ్బా బోర్లా పడింది. చంద్రకాంతమ్మ కేక పెట్టి ప్లగ్గు పీకింది. బల్ల మీద ఉన్న ఏకాంబరానికి ఏమీ కాలేదు. తాను మీటడం, మనిషి పడిపోవడం, ఆ రెండే అతనికి కనిపించాయి. చంపేశాననుకున్నాడు. గిటారును ఒళ్ళోంచి పక్కకు తోసేశాడు.

దామోదరం కళ్ళు తెరిచాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంత సద్దా!" అన్నాడు. "ఇంత సద్దు వస్తాదా దీన్లో! సెవిటోడికి కూడా ఇనపడిందే!"

చంద్రకాంతమ్మ అతని అరచేతిని ఒళ్ళోకి తీసుకుంది, వేలు పెట్టింది, రాయలేక ఆగిపోయింది. ఏకాంబరమే దిగొచ్చి, ప్లగ్గు తెచ్చి చూపించాడు. దామోదరం ప్లగ్గును చూశాడు, తన పెదవి తుడుచుకుని నెత్తురు చూసుకున్నాడు.

"కరెంటా?" అన్నాడు. అంతవరకూ అరిచే మనిషి, ఆ ఒక్క మాటను మామూలు గొంతుతో అన్నాడు.

కాసేపటికి, వైరు తీసేసి ఊరికే మీటమన్నాడు. మళ్ళీ పళ్ళతో పట్టుకున్నాడు. ఏకాంబరం వైరు ఊడి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని మీటాడు. దామోదరం కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. "ఇదీ బాగుండాది," అన్నాడు లేచి. ఆ ఆంప్లిఫయర్‌కు ఎర్తు వైరు తగిలించి, చాలాసార్లు పరీక్షించాకే, గిటారుతో పాటు దాన్నీ ఇచ్చి ఏకాంబరాన్ని ఇంటికి పంపించాడు.

ఇంటికొచ్చాక ఏకాంబరానికి ఇంకో దెబ్బ తగిలింది. చేతులు మారాయి కానీ విద్య వెంట రాలేదు. మనసులో పాట మొత్తం ఉంది. కుడిచేతి వేళ్ళకు మాత్రం ఒక్క ముక్క తెలియదు. మొదటిసారి గిటారు పట్టిన పిల్లవాడి కంటే అధ్వాన్నంగా వాయించాడు. మునెమ్మ తలుపు చాటున నిలబడి విని, "ఇదేనా నువ్వు వాయించేది?" అని అడిగేసి, నాలుక కరుచుకుంది.

"ఇదే అమ్మా. మళ్ళా మొదట్నుంచి," అన్నాడు.

చెరుకు నాటడం, నరకడం, వండడం మధ్యలో రెండేళ్ళకు పైగా పట్టింది. గంగమ్మ జాతరకు దేవరాజులు కబురు పెట్టినప్పుడు, ఆర్కెస్ట్రాలో ఉన్న గిటారు మనిషిని తీసెయ్యొద్దని ఏకాంబరమే చెప్పాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే గిటార్ల తలలు కొట్టుకుంటున్నాయి. దేవరాజులు వాళ్ళను చెరో చివర నిలబెట్టాడు. ఒకరి గిటారు ఇటు చూస్తోంది, ఇంకొకరిది అటు చూస్తోంది. జనం అదేదో అందం కోసం చేసిన ఏర్పాటనుకుని ఈలలు వేశారు. దామోదరానికి కరెంటు కొట్టింది మరిచిపోని ఏకాంబరం, కాళ్ళకు కొత్త రబ్బరు చెప్పులు వేసుకుని వాయించాడు.