కంపెనీ టైర్ల మీద మా అత్త అరచెయ్యి

మా అత్త పోయింది. గద్వాలలో, తన మంచం మీదే, పొద్దున చాయ తాగి గ్లాసు కింద పెట్టిన కాసేపటికి. నాగర్‌కర్నూలులో పుట్టింట్లో ఉన్న నాకు మా ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "వదినా, అమ్మ పోయింది" అని, ఊపిరి తీసుకుని, "గ్లాసు సక్కగ గోడకు పెట్టే పోయింది" అంది. అది చెప్పేటప్పుడే దానికి ఏడుపు ఆగలేదు. ఏ వస్తువునైనా ఎవరి కాలికీ తగలకుండా పెట్టడం ఆమె అలవాటు.

కోడలు అత్త గురించి మంచి రాస్తే చదివేవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. ఆమెతో నేను కొట్లాడినంత ఈ భూమ్మీద ఇంకెవరితోనూ కొట్లాడలేదు. రొట్టె మందంగా చేశానని ఒకసారి, పల్చగా చేశానని ఒకసారి. అయినా చావింటికి వచ్చిన పెద్దమనుషులు ఒక్కొక్కరే కూర్చుని "మంచిదే గాని జర మొండిది" అని నిట్టూర్చి లేచిపోతుంటే నాకు ఒళ్లు మండింది. మొండిదే. ఎవరు కాదన్నారు? ఆ మొండితనం తీసేస్తే ఆమెలో మంచి అని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? వాళ్లకు అక్కడ జవాబు చెప్పలేదు, శవం ముందు గొడవెందుకని. ఇప్పుడు చెబుతున్నాను.

మామ పోయాక మల్దకల్ దగ్గరున్న చెలకను కౌలుకిచ్చి మా అత్త లారీ కొన్నది. ఆడమనిషికి లారీ ఎందుకని ఊరంతా అడిగింది. "ఎందుకేంది, తిప్పనీకే" అని ఊరుకుంది. బండి నడపడం ఆమెకు రాదు. ఒక డ్రైవర్‌ను పెట్టుకుని, ప్రతి ట్రిప్పుకూ క్యాబిన్‌లో అతని పక్కన మడిచిన గొంగడి మీద కూర్చుని పోయేది. చేతిలో ఒక నీళ్ల సీసా, వక్కాకుల సంచి. బండి ఎక్కడ ఆగినా అందరూ చాయ కొట్టుకు నడిస్తే ఆమె మాత్రం చక్రాల చుట్టూ తిరిగేది. పిల్లల నొసటి మీద జ్వరం చూసినట్టు ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీసేది. పెబ్బేరు హోటల్లో డ్రైవర్లు "అక్క టైర్లకు దండం పెడ్తున్నది" అని నవ్వేవాళ్లు.

"దండం గాదు, హాజరు తీస్కుంటున్న" అనేది ఆమె.

కొత్త లారీని జమ్ములమ్మ గుడికి తీసుకుపోయి నిమ్మకాయలు తొక్కించింది. అది అయ్యాక షోరూముకు పోయి అక్కడి ఆయన్ను అడిగింది, నేనూ పక్కనే ఉన్నాను. "అయ్యా, బండితోని వచ్చిన ఈ కంపెనీ టైర్లతోని వెనక ఇంకో బండి కట్టి గుంజొచ్చునా?" ఆయన మంచి మనిషి, తిన్నగా చెప్పాడు. "లారీకి రాసిన బరువు వరకు ఏ ఢోకా లేదమ్మా. వెనక కట్టి గుంజుడంటే నువ్వు ఏం కడ్తవో, ఏ రోడ్డు మీద పోతవో నాకు తెల్వదు. చూస్కోని చెయ్యాలె."

బయటికొచ్చి నాతో అంది: "తెల్వదన్న మనిషిని నమ్మొచ్చు బిడ్డా. ఏం గాదు అనెటోడు ఉన్నడు చూడు, వాని బండి ఎక్కద్దు."

"ఏం గాదు" అన్న మాట మా ఇంట్లో నిషేధం. కుక్కర్ మూత వదులుగా ఉందంటే "ఏం కాదులే అత్తమ్మా" అనేదాన్ని. పొయ్యి ఆర్పించి, మూత తీయించి, మళ్లీ పెట్టించేది. మా ఆయన సైకిల్ బ్రేకు గురించి అదే మాట అంటే ఆ రోజు ఆయన నడిచే పోవాల్సి వచ్చింది. విసుగు పుట్టేది. కాని మా పాలమూరులో ఆ మాట మీద ఎన్ని బండ్లు నడుస్తాయో ఆమె క్యాబిన్‌లో కూర్చుని రోజూ చూసేది.

నేను కాపురానికొచ్చిన మరుసటి ఎండాకాలం నాగర్‌కర్నూలు వైపు కాలువ పని మొదలైంది. కూలీల గుంపును పనికి తోలుకుపోయే మేస్త్రీ ఒకాయన మా అత్తతో మాట ఖాయం చేసుకున్నాడు. కూలీలు, వాళ్ల సామాను, సెంట్రింగ్ రేకులు లారీలో. వెనక హుక్కుకు కాంక్రీటు కలిపే మిల్లర్. ఎండాకాలమంతా ఆ పనికి మా బండే. అప్పటిదాకా పల్లికాయ మూటలు తప్ప ఏమీ మోయని లారీ మా చేతిలో నిలవాలన్నా అమ్ముడుపోవాలన్నా ఆ మేస్త్రీ చేతిలోనే ఉంది. లారీలో మనుషుల్ని ఎక్కించకూడదని అందరికీ తెలుసు. వేరే దారి మాత్రం ఆ కూలీలకు ఎవరూ చూపలేదు.

ఆ పొద్దున మల్దకల్, మానవపాడు వైపు ఊళ్ల నుంచి గుంపంతా మూటలతో మా వాకిట్లో దిగింది. పని కోసం ఊరు విడిచి బతకపోయేవాళ్లకు ఇక్కడ ఒక పట్టింపు ఉంది. మంచి గడియ చూసుకుని మూటతో గడప దాటారంటే పనిచోటు చేరేదాకా మళ్లీ ఆ గడప తొక్కరు. ఏదైనా మరిచిపోతే ఇంట్లోవాళ్లే బయటికి తెచ్చివ్వాలి. కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవాళ్లదీ అదే పద్ధతి, ప్రార్థన చేసుకుని బయలుదేరినవాళ్లదీ అదే పద్ధతి.

మనుషులు ఎక్కకముందే మా అత్త డ్రైవర్‌తో అంది: "సామాను ఎక్కించి, మిల్లర్ కట్టి, ఎర్రవల్లి దాక ఒక తిప్పు తిరిగి రా."

అతను తిరిగొచ్చాడు. ఆమె వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చుంది. అరచెయ్యి పెట్టి, వేడికి చటుక్కున తీసింది. మళ్లీ పెట్టింది. టైరు పక్కలు కిందికి ఉబ్బి ఉన్నాయి. లేచి చేతులు దులుపుకుని, "మిల్లర్ ఇప్పెయ్. ఈ టైర్ల మీద మనుషుల్ని ఎక్కియ్య" అంది.

మేస్త్రీ ముందు నవ్వాడు. "అక్కా, కంపెనీ టైర్లు! మీదున్న రబ్బరు ఎంటికెలు గూడ రాలలే. కంపెనీవోళ్లకు తెల్వదా?"

"కంపెనీకి లారీ తెల్సు. దాని మీద ఇన్ని రేకులు, ఇంతమంది, ఎనక నీ మిల్లర్, కింద ఈ ఎండ, ఇవి ఎవలు చెప్పిండ్రు కంపెనీకి? నువ్వు చెప్పినవా?"

డ్రైవర్ మధ్యలో వచ్చాడు. "జర గాలి ఎక్కువ కొట్టిస్త అక్కా."

"ఎండకు ఉన్న గాలే పెరుగుతది. నువ్వింకింత కొడితె అది ఏడికి పోతది? గట్టి టైర్లు తెప్పిస్త, ఎనక నాలుగు మారుస్త. రెండొద్దులు, రెండే దినాలు ఆగుర్రి."

మేస్త్రీకి కోపం వచ్చింది. "రెండొద్దులా! వీళ్లు ఇంటికి తిరిగి పోలేరు, గడప దాటిండ్రు. ఏం గాదక్కా. పాలమూరు లేబర్, ఎట్లయిన పోతరు."

ఆ మాటతో మా అత్త ముఖం మారిపోయింది. నాతో జరిగిన ఏ కొట్లాటలోనూ ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

"ఎట్లయిన పోతరంటె ఏంది? మనుషులా, కంకర కుప్పనా? నీ పెండ్లాం పిల్లల్ని కూసోపెట్టి చెప్పు ఆ మాట. పో, వేరే బండి చూస్కో. నా బండి లేవదు."

చిత్రమేమిటంటే, గుంపులోవాళ్లే ఆమెను బతిమాలారు. ఆలస్యమైతే పని వేరే గుంపుకు పోతుందని వాళ్ల భయం. ఎస్తేరమ్మ అని గుంపులో పెద్దది, ఎన్నో ఊళ్లు తిరిగి పనిచేసిన మనిషి, ముందుకొచ్చింది. "అక్కా, పోదాం పా. గిట్ల ఎన్నిసార్లు పోలే మేము? దేవుడున్నడు."

"దేవుడున్నడు. టైరు గూడ ఉన్నది. ఇటు రా. నీ బిడ్డ ఎక్కడ కూసుంటది లారీల?"

"ఎనక మూలకు. గాలొస్తదని."

"ఆ మూల కిందున్న టైరు ఇది. నీ చెయ్యి పెట్టు. నా మాట ఇనకు, నీ చెయ్యి ఏమంటదో అది ఇను."

ఎస్తేరమ్మ అరచెయ్యి పెట్టింది. తీయలేదు, అట్లాగే ఉంచి లారీ వెనక మూల వైపు ఒకసారి తలెత్తి చూసింది. తర్వాత పోయి, తన మూట విప్పి, మా వాకిట్లో నీడ చూసుకుని కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి మేస్త్రీ ఒక ట్రాక్టర్ తెచ్చాడు. వచ్చేవాళ్లు ఇప్పుడే రావాలి, తర్వాత పని ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు. సగం మంది మూటలెత్తుకుని ఎక్కారు. వాళ్లను మా అత్త ఒక్క మాట అనలేదు. ట్రాలీ చుట్టూ తిరిగి దాని టైర్ల మీద కూడా చెయ్యి పెట్టింది. "పైలం, నిమ్మలంగ పోనియ్" అని ట్రాక్టర్ డ్రైవర్‌కు చెప్పి పంపింది. మిగిలిన సగం ఎస్తేరమ్మతో పాటు వాకిట్లోనే ఉండిపోయింది. వాళ్లందరికీ జొన్నరొట్టెలు ఎవరు చేస్తారు? నేనే. పెనం సెగకు చేతులు కాలుతుంటే లోపల అత్తను తిట్టుకుంటూనే చేశాను. ఆమె పక్కన కూర్చుని పిండి పిసుకుతూ, ఆ గొడవలో కూడా, "అంచు మందమైంది" అంది.

తను మాత్రం రొట్టె ముట్టలేదు. ఆకలి లేదంది. కిరాణా కొట్టు ముందు స్టూలు వేసుకుని, అక్కడి ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. పొద్దు వాలుతుండగా ఫోన్ వచ్చింది. ట్రాక్టర్ మంచిగా చేరింది, అందరూ క్షేమం. మేస్త్రీ గొంతు పక్కన నిలబడ్డ నాకూ వినిపించేంత గట్టిగా ఉంది: "చూసినవా అక్కా, ఏమైంది? ఏం గాలే."

"మంచిగ చేరిండ్రు గదా. గంతే గావాలె నాకు" అని ఫోన్ పెట్టి, ఇంటికొచ్చి, చల్లారిన రొట్టెలు రెండు గబగబా తినేసింది.

ఆమెది పంతమన్నవాళ్ల కోసం ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. పంతం ఉన్న మనిషి తన మాట నిజమవ్వాలని కోరుకుంటుంది. మా అత్త ఆ పూటంతా తన మాట అబద్ధం కావాలని కోరుకుంటూ ఆకలితో కూర్చుంది.

కర్నూలు నుంచి బరువు లాగే టైర్లు వచ్చాయి. వెనక నాలుగూ మారాయి. మళ్లీ ఎర్రవల్లి దాకా ఒక తిప్పు, మళ్లీ అరచెయ్యి. అప్పుడు మిగిలిన గుంపు ఎక్కింది. పుట్టింటికి పోవాలని నేనూ క్యాబిన్‌లో ఎక్కాను. బీచుపల్లి వంతెన దాటి పెబ్బేరులో ఆగితే మా అత్త దిగింది. ఆమె వెనకే ఎస్తేరమ్మ దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. వనపర్తిలో ఆగేసరికి అందరూ దిగి టైర్ల చుట్టూ మూగారు. మా అత్తకు చెయ్యి పెట్టడానికి చోటు దొరకలేదు. "నన్నేమన్న చూడనిస్తరా లేదా" అని కసురుకుంది గాని, ఆమె మొహం వెలిగిపోవడం నేను చూశాను.

పని దొరికింది, కాలువ దగ్గర మనుషులు చాలక వాళ్లనూ చేర్చుకున్నారు. మా లారీకి మాత్రం దొరకలేదు. ఆ మేస్త్రీ ఆ ఎండాకాలం మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ చుట్టుపక్కల అందరికీ మమ్మల్ని పిలవొద్దని చెప్పాడు కూడా. లారీ చాలాకాలం వాకిట్లోనే నిలబడింది. తీసేసిన కంపెనీ టైర్లు పత్తి మోసే ఒకాయన వేసుకున్నాడు, అవి ఏ ఇబ్బందీ లేకుండా అరిగేదాకా నడిచాయి. దాన్ని పట్టుకుని మా చుట్టాలు ఆమెను ప్రతి పెళ్లిలో ఆటపట్టించేవాళ్లు. "చూసినవా, ఆ టైర్లకు ఏమైంది?"

"ఆయన పత్తి మోసిండు. నేను మనుషుల్ని మోసిన" అనేది. ఆకులో వడ్డించింది తింటూనే, తలెత్తకుండా.

మళ్లీ పనులు మెల్లగా వచ్చాయి. మేస్త్రీల వల్ల కాదు, ఆడవాళ్ల వల్ల. "గద్వాలల అక్క బండి అయితెనే ఎక్కుతం" అని వాళ్లే మేస్త్రీలకు చెప్పడం మొదలుపెట్టారు. మోకాళ్లు పట్టేసి క్యాబిన్ ఎక్కలేని దాకా ఆమె ఆ బండిలో తిరిగింది. ఆ తర్వాత లారీ అమ్మేసింది, కొన్నాయనకు టైర్ల గురించి గంటసేపు చెప్పి మరీ.

మొన్న పెద్దదినం నాడు ఎస్తేరమ్మ గుంపు వచ్చింది. పెద్దమందడి వైపు పనికి పోతూ, దారి చుట్టు తిప్పించుకుని మరీ మా వాకిట్లో దిగారు. ఎస్తేరమ్మకు జుట్టు నెరిసింది. అత్త ఫోటో ముందు నిలబడి కళ్లు మూసుకుని తన పద్ధతిలో ప్రార్థన చేసుకుంది. భోజనాలయ్యాయి. అందరూ మూటలతో లారీ దగ్గరికి నడిచారు. కొత్త లారీ, వెనక మిల్లర్. టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

ఎస్తేరమ్మ వెనక చక్రం దగ్గర వంగి అరచెయ్యి పెట్టింది. వచ్చి ఇంతసేపైనా అది చల్లారలేదు కాబోలు, తీయకుండా ఉంచి, "ఈ టైర్లు ఏడివి?" అని అడిగింది.

"కంపెనీవే. ఏం గాదు, ఎక్కమ్మా" అన్నాడు డ్రైవర్.

ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి గుంపును చూసింది. "మూటలు దించుర్రి."

లోపల పెద్దమనుషులు ఇంకా వక్కాకులు నములుతూ కూర్చునే ఉన్నారు. డ్రైవర్ నా వైపు చూశాడు, ఇంటిదాన్ని కదా, కాస్త నచ్చజెప్పమన్నట్టు. నేను కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి పోయి జొన్నపిండి డబ్బా దించాను. కిటికీలోంచి చూస్తే మూటలు ఒక్కొక్కటే మా వాకిట్లోకి వస్తున్నాయి. లారీ పక్కన ఆడవాళ్లు వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు, టైరు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నారు.