ఏటిగట్టు తుమ్మిపూలు

ఆరు నెలలుగా ఒకే అర్జీ పట్టుకుని తిరుగుతున్నాను. మా ఊరి ఏటిగట్టు మీద గడ్డి కోసుకునే హక్కు మా చేను పక్క పాకలో ఆవిడకు తిరిగి ఇవ్వమని అందులో రాశాను. నాకేమీ ఇమ్మని అడగలేదు. గట్టు వ్యవహారాలు చూసే ఆఫీసులో ఆ కాగితం తీసుకుంటారు, ముద్ర వేస్తారు, బల్ల మీది దొంతరలో అడుగున పెడతారు. మళ్ళీ వెళ్తే, ఏ అర్జీ అండీ అని అడుగుతారు.

నన్ను పట్టించుకోకపోవడం కొత్తేమీ కాదు. కాలవ నీళ్ళు చివరి చేలకు ఎక్కడం లేదని ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క తెలియదు. రైతుల సమావేశంలో నేను లేచి నిలబడగానే ఆ ఆఫీసు ఇంజనీరు, ఏఈ గారు, ఫోను తీసుకుంటారు. ఒకసారి అందరికీ టీ పోసి, నా దగ్గరకు వచ్చేసరికి అయిపోయిందన్నారు. ఫ్లాస్కు కదిలినప్పుడు లోపల చప్పుడు నాకు వినబడింది. పోసినతను ఆ రోజు నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఇలాంటివి నేను మర్చిపోను. అందుకే నేను చేసిన పని కూడా నన్ను వదలడం లేదు.

మా ఊరు కొవ్వూరుకు దిగువన ఉంది. ఏటిగట్టుకూ నా అరెకరం కాకర పందిరికీ మధ్య బండి బాట ఒక్కటే అడ్డం. గట్టు వాలంతా గరిక, దర్భ. వాటి సందుల్లో గడ్డిచామంతి, వెంపలి, పల్లేరు పూస్తాయి. వానలు వెనకబట్టాక తుమ్మి లేస్తుంది. కార్తీకం వచ్చేసరికి వాలు మీద తెల్లటి పేలాలు చల్లినట్టుంటుంది.

నా చేను దాటాక ఉన్న పాకలో ఆవిడ మూడు గేదెల్ని మేపుకునేది. నాకన్నా చిన్నది. నన్ను అన్నయ్య గారూ అని పిలుస్తుంది. భర్త రాజమండ్రిలో పనికి వెళ్ళి వస్తాడు కనక గేదెల పనంతా ఆవిడదే. గట్టు మీద గడ్డి కోసుకోవడానికి ఆఫీసువాళ్ళు ఏటా ఒకరికి కాగితం రాసిస్తారు. చాలా ఏళ్ళుగా అది ఆవిడ పేరునే వచ్చేది. అందరిలా మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపున కోసేది కాదు. ఒక పట్టీ కోసి, పక్క పట్టీ వదిలేసేది. వదిలిన దాంట్లో పూత అయిపోయి గింజ రాలాక దానికి కొడవలి పెట్టేది. అప్పటికి మొదటి పట్టీ మళ్ళీ పూతకు వచ్చేది. గట్టు మీద పువ్వు లేని రోజు ఉండేది కాదు. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పని ఎగ్గొడుతోంది అనుకున్నాను.

కిందటి కార్తీకంలో ఒక పొద్దున గట్టెక్కి కూర్చున్నాను. కాకర తీగ పందిరికి అందుకుంటోంది, ఇంకా పూత రాలేదు. నా మోకాలి పక్కన తుమ్మి గుత్తి మీద చిన్న తేనెటీగ ఒకటి వాలింది. వాలి, మూతి లోపలికి పెట్టిందో లేదో, పువ్వులో ఒక రేకు కదిలి దాన్ని పట్టుకుంది. నేను ఉలిక్కిపడ్డాను. అది రేకు కాదు, సాలీడు. తుమ్మి ఎంత తెల్లగా ఉందో అదీ అంత తెల్లగా ఉంది. వల లేదు, దారం లేదు. పీత కాళ్ళు చాచినట్టు ముందు కాళ్ళు చాచుకుని పువ్వు మీదే కాపు వేసింది. ఈగ మెడ దగ్గర కరిచి పట్టుకుంది. ఈగ కాసేపు వణికి ఆగిపోయింది. నా నీడ పడగానే సాలీడు దాన్ని వదలకుండా, పీతలాగే పక్కవాటుగా నడుచుకుంటూ పువ్వు కిందికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వరసగా నాలుగు రోజులు అదే పని మీద కూర్చున్నాను. గడ్డిచామంతి మీద పసుపు రంగు సాలీడు దొరికింది. వెంపలి మీద మరొకటి. ఒక సీతాకోకచిలుక రెక్కలు తెరిచినట్టే ఉండి ఎంతకీ ఎగరకపోతే వంగి చూశాను. కింద సాలీడు దాన్ని పట్టుకుని ఉంది.

నిజానికి ఆ నాలుగు రోజుల్లో నేను ఇంకొకటి కూడా చూశాను. తేనెటీగలు గుంపులుగా వచ్చేవి. కొన్ని సాలీడు ఉన్న పువ్వు దాకా వచ్చి, గాలిలో ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి పక్క పువ్వుకు పోయేవి. చచ్చేది ఏ ఒకటో రెండో. మిగతావన్నీ కాళ్ళకు పుప్పొడి అంటించుకుని నా పందిరి మీదుగానే పోయేవి. అదంతా కళ్ళ ముందే జరిగింది. నా బుర్రలో మాత్రం చచ్చిపోయిన ఒక్కటే నిలిచింది. మనుషుల విషయంలో కూడా నేను అంతే. పదిమంది నమస్కారం పెడితే, పెట్టని ఒక్కడే నాకు గుర్తుంటాడు.

ఆవిడ దగ్గరకు వెళ్ళి చెప్పాను. గట్టు మీద కాలవ, లాకులు చూసుకునే లస్కరు కూడా అక్కడే ఉన్నాడు.

"గట్టంతా ఒకేసారి కోసెయ్యమ్మా. ఆ పూలల్లో సాలీళ్ళు చేరి నా తేనెటీగల్ని తినేస్తున్నాయి. రేపు నా కాకరకి పిందెలు ఎలా పడతాయి?"

"మీ తేనెటీగలేంటండీ అన్నయ్య గారూ! వాటి మీద మీ పేరు రాసుందా?" అని నవ్వింది. "తుమ్మి పూత మీదుండగా కొడవలి పెట్టకూడదని మా అత్తగారు చెప్పేవోరండి. పూత అవ్వనీండి, కోసేత్తాను."

లస్కరు అందుకున్నాడు. "సాలీళ్ళ మీద కూడా ఓ అర్జీ పడెయ్యండి బాబాయ్ గారూ. ఏఈ గారు వాటికి నోటీసిత్తారు."

ఇద్దరూ నవ్వారు. అందులో నన్ను అవమానించే మాట ఏముందని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ రోజు మాత్రం ఇంటికెళ్ళి నిజంగానే అర్జీ రాశాను. జవాబు రాలేదు.

మరుసటి వారం ఆవిడ బంధువుల పెళ్ళికి జంగారెడ్డిగూడెం వెళ్ళింది. రెండు రోజులు రాదని తెలుసు. నేను కలుపు మందు తెచ్చి, వీపు ట్యాంకులో కలిపి, గట్టు వాలు మొత్తం కొట్టాను. ఎండ బాగా ఉన్న వేళ. తేనెటీగలు పూల మీదే ఉన్నాయి. ఒకటి మందు తడిలో పడి, రెక్కలు ఆకుకి అతుక్కుని తిరగబడింది. చూశాను. చూసి, ట్యాంకు పిడి ఇంకో నాలుగుసార్లు గట్టిగా నొక్కాను. సాలీళ్ళు పోవాలంటే ఇవీ కొన్ని పోతాయి అనుకున్నాను. తేనెటీగల కోసం మొదలుపెట్టిన పనిలో ఆ మాట ఎలా అనుకోగలిగానో నాకు అర్థం కాదు.

వారానికి గట్టు ఎండి గోధుమరంగుకు తిరిగింది. వరద కాలంలో ఆ మట్టిని పట్టి ఉంచేది గడ్డి వేళ్ళే కనక, లస్కరు కబురు పంపితే ఏఈ గారు జీపులో వచ్చారు. మందు ఎవరు కొట్టారని అడిగారు. ఆ రోజు నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. నేను కాగితం తీసుకుని రాశాను. గడ్డి హక్కు ఉన్న ఆవిడ, పెళ్ళికి వెళ్ళే ముందు, గేదెలు తినని పూలమొక్కలు చావాలని మందు కొట్టిందనీ, నేను కళ్ళారా చూశాననీ రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజుల్లో ఆవిడ కాగితం రద్దయింది. నా జన్మలో నా అర్జీకి పని జరగడం అదే మొదలు. ఏఈ గారు నాకు స్వయంగా ఫోన్ చేశారు. "మీలాంటి బాధ్యతగల రైతులు ఉండాలండి" అన్నారు. ఆ మాట విని నేను సంతోషించాను. ఆ పూట పెరుగన్నం ఇంకోసారి వడ్డించమని అడిగి తిన్నాను. ఇవాళ ఈ మొత్తంలో తలుచుకుంటే నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది అదే, మందు కొట్టడం కన్నా, అబద్ధం రాయడం కన్నా.

సాయంత్రం ఆవిడ నా చేలోకి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు.

"మందు కొట్టిన గడ్డి నా గేదెలకి నేనే పెట్టుకుంటానా అన్నయ్య గారూ? ఆ మాత్రం ఎవరికీ తట్టలేదేంటండీ?"

నేను పందిరి తాడు బిగిస్తూ ఉండిపోయాను. అప్పటికే బిగిసి ఉన్న తాడు అది. ఆవిడ వెళ్ళిపోయింది.

కాకర పూసింది. పందిరి నిండా పసుపు పూలు. తేనెటీగలు రాలేదు. వాటికి నా పూత వచ్చేదాకా తిండి పెట్టింది గట్టే. అది పోయాక వేరే దారి చూసుకున్నాయి. వేలెడంత కూడా పెరగకుండా పిందెలు పసుపుబారి రాలిపోయాయి. మా ఆవిడ పొద్దున్నే మగపువ్వులు కోసి, రేకులు వెనక్కి విరిచి, ఆడపువ్వుల మీద ఒక్కొక్కటిగా రాసేది. మధ్యాహ్నానికి పూలు వాడిపోతాయి కనక కాఫీ కూడా తాగకుండా తిరిగేది. నేనూ పక్కన చేరాను.

"మీకెందుకండీ ఈ కష్టం?" అంది తల తిప్పకుండా. "మీ అర్జీ ఒకటి తెచ్చి ఈ పూలకి చదివి వినిపించండి. భయపడి అయినా పిందె పడుద్దేమో."

మా ఆవిడకు నేను నిజం చెప్పలేదు. అయినా ఆ మాటతో తెలిసిపోయిందని నాకర్థమైంది.

మా చేత్తో పడ్డ పిందెల్నీ పండు ఈగలు వదల్లేదు. అవి కాయకు పొడిచి గుడ్లు పెడతాయి. కాయ వంకర తిరిగి లోపల పురుగు పడుతుంది. ఒక రోజు పందిరి కింద అలాంటి కాయలు ఏరుతుంటే, కాకర పువ్వు మీద పసుపు సాలీడు కనబడింది. ఎక్కడ తప్పించుకుని వచ్చిందో. దాని కాళ్ళ మధ్య ఉన్నది పండు ఈగ. నేను చాలాసేపు చూశాను. గట్టు మీద నాలుగు రోజులు కూర్చున్నప్పుడు సాలీళ్ళు ఏమేం తింటున్నాయో నేను వెతకలేదు. తేనెటీగ దొరికిన చోటే ఆగాను. తక్కిన పూల మీద అవి ఎన్ని ఈగల్ని, ఎన్ని పురుగుల్ని నా చేనులోకి రాకుండా ఆపాయో నాకు తెలియదు. ఇక తెలిసే వీలూ లేదు.

ఈలోపు పాకలో ఆవిడ ఒక గేదెను అమ్మేసింది. తక్కిన రెండిటికీ భర్త మోపెడ్ మీద ఎక్కడెక్కడి కాలవగట్ల నుంచో పచ్చగడ్డి తెచ్చేవాడు. అది చాలక ఎండుగడ్డి వేసేది. పాలు తగ్గాయి.

ఒక పొద్దున పాలకేంద్రం దగ్గర ఆవిడ క్యాను కడుక్కుంటుంటే వెళ్ళి చెప్పేశాను. మందు నేనే కొట్టానమ్మా అన్నాను. ఇంకా ఏవో చెప్పబోయాను.

"తెలుసండీ," అంది. "ట్యాంకు కడిగిన నీళ్ళు మీరూ మేమూ తప్ప ఎవరూ దిగని రేవులోనే పారబోశారు కదా. పెళ్ళి నుంచి వచ్చిన రోజునే వాసన పట్టేశాను."

"మరి ఏఈ గారికి చెప్పలేదేం?"

క్యాను బోర్లించి, నీళ్ళు కారనిచ్చి, అప్పుడు నా వైపు చూసింది.

"మీరు రాయగలరు. మీ మాట వినేవాళ్ళున్నారండి. నా మాట ఎవరు వింటారు అన్నయ్య గారూ?"

ఇరవై ఏళ్ళుగా నా మాట ఎవరూ వినరని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషిని. ఆవిడ ముందు నిలబడలేకపోయాను.

ఆ రోజే ఆఫీసుకు వెళ్ళాను. మందు కొట్టింది నేను, అబద్ధం రాసింది నేను, శిక్ష ఏదైనా నాకు వేయండి, గడ్డి హక్కు ఆవిడకు ఇవ్వండి అని రాసి ఇచ్చాను. గుమాస్తా రెండుసార్లు చదివి నవ్వాడు.

"ఏంటండీ ఇది? ఫిర్యాదు పెట్టడానికి ఫారం ఉంది గానీ, పెట్టిన ఫిర్యాదు అబద్ధం అనడానికి ఫారం లేదండి."

ఏఈ గారు లోపలే ఉన్నారు. తలుపు తెరిచి ఉంది. నన్ను చూశారు. "మళ్ళీ వచ్చారా! మీరే పెడతారు, మీరే తీసెయ్యమంటారు. మాకు వేరే పనుల్లేవనుకున్నారా?" అని ఫోను తీసుకున్నారు.

అప్పటి నుంచి వెళ్తూనే ఉన్నాను. గట్టు మీద ఇప్పుడు గడ్డి లేని చోటల్లా వయ్యారిభామ కలుపు మొలిచింది. దాన్ని ఏ గేదే ముట్టదు. నడి వాలులో మట్టి బీటలిచ్చింది. నదికి నీళ్ళు వచ్చే కాలం దగ్గరపడుతోంది. ఆవిడ రెండో గేదెకు బేరం కుదిరిందని మా ఆవిడ నిన్న చెప్పింది. వారంలో తోలుకుపోతారట.

ఏఈ గారూ, నా మీద మీకు కోపం ఉంటే ఉండనివ్వండి. సమావేశంలో నాకు కుర్చీ వేయకండి, నేను అడగను. కానీ ఒక మాట చెప్పండి. నేను రాసిన అబద్ధాన్ని చదవగానే నమ్మారు. మందు చల్లిన గడ్డి ఎవరైనా తమ గేదెలకు పెట్టుకుంటారా అని కూడా ఆలోచించలేదు. అదే చేత్తో, అదే సంతకంతో నిజం రాస్తే ఎందుకు నమ్మడం లేదు? ఆ గేదె పాకలో ఉండగానే ఆవిడకు కాగితం ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసి పంపండి. ఈసారి నాకు జవాబు కావాలి.